ఆరు రోజులు పనిబండి, ఆదివారం ఇంటిబండి: బెంగళూరులో చిన్న కాంట్రాక్టర్ తన కారును సర్దుకునే పద్ధతి

మారతహళ్ళిలోనో, కేఆర్ పురంలోనో, బొమ్మనహళ్ళిలోనో ఉంటూ వైరింగు, ప్లంబింగు, పెయింటింగు, వాటర్‌ప్రూఫింగు పనులు పట్టుకునే మనవాళ్ళలో చాలామందికి ఉన్నది ఒకటే కారు. సోమవారం అందులో డ్రిల్లు, వైరు కాయిళ్ళు, ఇద్దరు హెల్పర్లు. ఆదివారం పిల్లలు, అత్తామామలు. పండక్కి హిందూపురమో, మదనపల్లో, తిరుపతో. ఈ బండిని పనికి అనువుగా మార్చుకోవాలంటే ఒక నియమం పెట్టుకుని మొదలుపెట్టండి: లోపల బిగించిన ప్రతిదీ 13 నంబరు పానా ఒక్కదానితో, పదిహేను నిమిషాల్లో, బండి మీద ఒక్క కొత్త రంధ్రం కూడా మిగలకుండా బయటికి రావాలి. 13 నంబరే ఎందుకంటే ఎం8 బోల్టుకు, అంటే 8 మి.మీ. మందం బోల్టుకు, పట్టేది అదే, మనం వాడబోయేవన్నీ ఎం8 బోల్టులే.

ఇది ఇంట్లోవాళ్ళ కోసం మాత్రమే అనుకోకండి. చట్టం, ఇన్సూరెన్సు, రేపు బండి అమ్మేటప్పుడు వచ్చే ధర, అన్నీ ఈ నియమం చుట్టూనే తిరుగుతాయి.

ముందు కాగితాలు, తర్వాతే పానా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మనకు దీని అర్థం ఏమిటి? ఆర్‌సీలో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది కాబట్టి వెనక సీటు పీకి ఇంట్లో అటక మీద పెట్టడం మార్పే. సీటును మడవడం మార్పు కాదు. ఫ్లోరుకు ఇనుప చట్రం వెల్డింగు కొట్టించడం మార్పు. మడిచిన సీటు వెనక చెక్క పలక పరచి బెల్టుతో కట్టడం లగేజీ సర్దుకోవడం. ఈ గీత ఇవతలే ఉండండి.

రెండోది ఇన్సూరెన్సు పాలసీ. అందులో ‘వాడకంపై పరిమితులు’ అనే భాగాన్ని ఎవరూ చదవరు. ప్రైవేటు కారు పాలసీలో అద్దెకు తిప్పడంతో పాటు, శాంపిళ్ళు, సొంత లగేజీ తప్ప ఇతర సరుకు రవాణా కూడా కుదరదని ఉంటుంది. మీ డ్రిల్లింగు మిషను సొంత సామానని వాదించుకోవచ్చు. కస్టమర్‌కు బిల్లు వేసిన పది టైల్స్ పెట్టెలను అలా వాదించలేరు. ‘నా పనిముట్లు, ఆ రోజు పనికి కావలసిన కొద్దిపాటి సామాను తీసుకెళ్తాను, ఇది పాలసీలో కవర్ అవుతుందా’ అని కంపెనీకి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. ఏజెంటు ఫోన్లో చెప్పిన ‘ఏం కాదు సార్’ క్లెయిము రోజు పనికిరాదు. హెల్పర్లను బండిలో తీసుకెళ్తుంటే ఐఎంటీ 29 ఎండార్స్‌మెంటు (పాలసీకి అదనంగా జోడించే షరతు) అడగండి. యజమాని కారులో ప్రయాణించే ఉద్యోగుల విషయంలో మీకుండే చట్టపరమైన బాధ్యతను అది కవర్ చేస్తుంది. జీతం ఇచ్చే డ్రైవర్ ఉంటే దానికి ఐఎంటీ 28 వేరు.

ఏపీ, తెలంగాణ నంబరు బండితో నెట్టుకొస్తున్నవాళ్ళకు ఒక మాట. 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలి. కర్ణాటక రోడ్డు ట్యాక్సు లెక్క దానికి వేరే ఉంటుంది. వెనక పనిసామాను కనిపించే పొరుగు రాష్ట్రం వైట్ బోర్డు (తెల్ల నంబరు ప్లేటున్న సొంత వాడకపు) బండిని ఎవరైనా ముందు ఆపుతారు.

సామాను కనపడకూడదని అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించకండి. 2012లోనే సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది. సామాను మీద నల్లటి గుడ్డ కప్పితే సరిపోతుంది.

అసలు లెక్క: మీ బండి ఎంత మోయగలదు?

డిక్కీలో చోటు ఉంది కదా అని నింపడం దగ్గరే సగం బళ్ళు పాడవుతాయి. చోటు వేరు, బరువు వేరు. దూది బస్తాకూ సిమెంటు బస్తాకూ ఒకే లెక్క కుదరదు.

బండి మాన్యువల్లో రెండు అంకెలు వెతకండి: ఖాళీ బరువు, అంటే కెర్బ్ వెయిట్. నిండు బరువు, అంటే గ్రాస్ వెహికల్ వెయిట్. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది. ఒక ఏడు సీట్ల బండికి నిండు బరువు 1,780 కిలోలు, ఖాళీ బరువు 1,180 కిలోలు అనుకుందాం. మిగిలింది 600. వినడానికి చాలానే ఉంది. ఇప్పుడు తీసివేయండి.

మీరు, ముగ్గురు హెల్పర్లు, తలా 70 కిలోలు: 280. మిగిలింది 320.
చెక్క పలక, చట్రం, మ్యాట్, డబ్బాలు: 60. మిగిలింది 260.
పనిముట్లు: 120. మిగిలింది 140.

ఆ 140 కిలోలంటే రెండు సిమెంటు బస్తాలు, ఒక 20 లీటర్ల పెయింట్ బకెట్. అంతే. ఇంకో బస్తా వేస్తే పరిమితి దాటినట్టే.

రోజూ చేతిలో ఆడే సామాను బరువులు నోటికి వచ్చి ఉండాలి. సిమెంటు బస్తా 50 కిలోలు. పుట్టీ పెద్ద బస్తా 40. టైల్ అడ్హెసివ్ బస్తా 20. ఎమల్షన్ 20 లీటర్ల బకెట్ 26 నుంచి 30, ఎందుకంటే పెయింటు నీళ్ళకన్నా చిక్కన. రెండడుగుల టైల్స్ నాలుగున్న పెట్టె 27 నుంచి 30. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు 90 మీటర్ల కాయిల్ మాత్రం రెండు కిలోల చుట్టుపక్కలే. అందుకే ఎలక్ట్రికల్ పనివాళ్ళకు కారు చక్కగా సరిపోతుంది. టైల్స్ మేస్త్రీకి సరిపోదు. ఎంత సర్దినా సరిపోదు.

అంచనా వేశాక ఒకసారి కాటా ఎక్కించండి. పీణ్యలో, హోసూరు రోడ్డు మీద, నెలమంగల వైపు వేబ్రిడ్జిలు చాలానే ఉన్నాయి. మామూలుగా పనికి వెళ్ళే రోజున, మనుషులు, సామాను, ఫుల్ ట్యాంకుతో వెళ్ళి రెండు తూకాలు అడగండి: మొత్తం బండి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకోసారి. రెండో తూకమే ముఖ్యం. టైరు పక్కన 185/65 ఆర్15 88 లాంటి నంబరు ఉంటుంది. అందులో చివరి 88 లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 79 అయితే 437, 82 అయితే 475. రెండు వెనక టైర్ల మొత్తాన్ని మించి వెనక తూకం వస్తే గాలి ఎంత కొట్టించినా లాభం లేదు. మాన్యువల్లో వెనక ఇరుసు బరువు విడిగా రాసి ఉంటే, రెండింటిలో తక్కువదే మీ హద్దు.

బరువు ఎక్కడ పెడుతున్నారన్నది కూడా లెక్కే. ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లున్న బండిలో, వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనకగా, అంటే డిక్కీ తలుపు దగ్గర, 100 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పడేది 131 కిలోలు. ఆ అదనపు 31 ఎక్కడిది? ముందు చక్రాల మీద నుంచి లేచింది. తూగుడుబల్ల సంగతే. ముందు తేలికైతే స్టీరింగు వదులవుతుంది, వానలో బ్రేకు జారుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి. కాబట్టి బరువైన బకెట్లు, డెమోలిషన్ హ్యామర్, వైబ్రేటర్ మోటారు అన్నీ వెనక సీటు వీపుకు ఆనుకుని, కింద. తేలికవన్నీ తలుపు వైపు, పైన.

పలక, చట్రం

కొనాల్సినవి: 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒకటి, గీతల రబ్బరు మ్యాట్ 3 మి.మీ., 25 మి.మీ. చదరపు ఇనుప ట్యూబు 1.6 మందం 12 మీటర్లు, చెక్కలోకి కొట్టే ఎం8 టీ-నట్లు పది, తలకు రింగున్న ఎం8 ఐ-బోల్టులు ఆరు, 30 మి.మీ. వెడల్పు వాషర్లు, లివరుతో బిగించే 25 మి.మీ. రాట్చెట్ బెల్టులు నాలుగు. ప్లైకి మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్, నట్లు బోల్టులకు ఎన్ఆర్ రోడ్డు, బండి సామానుకు జేసీ రోడ్డు. చట్రానికి కామాక్షిపాళ్యలో ఏ వెల్డింగు షాపైనా చాలు.

18 మి.మీ. ప్లై వేయమని వడ్రంగి చెబుతాడు. గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ 12 మి.మీ. షీటు 23 కిలోలైతే 18ది దాదాపు 35. ఆ పన్నెండు కిలోలు రోజూ పెట్రోలు తాగుతాయి. కింద ఫ్లోరు ఆనుకుని ఉన్నంత మేర 12 ధారాళంగా సరిపోతుంది.

ముందు అట్టతో నమూనా కోయండి. ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె అయితే బాగుంటుంది. చక్రాల గూళ్ళ వంపులు, సీటు కొండీలు, ఫ్లోరు మెట్టు అన్నీ గీసి, చుట్టూ 5 మి.మీ. వదిలి కత్తిరించండి. ప్లైని రెండు ముక్కలుగానే కోయించండి. ఒక్క ముక్క డిక్కీ తలుపులోంచి దూరదు, దూరినా ఒక్కడు ఎత్తలేడు. స్టెప్నీ డిక్కీ కిందే ఉండే బండి అయితే సరిగ్గా దాని మీద ఒక చిన్న తలుపు కోయించండి. లేదంటే కోలారు రోడ్డులో పంక్చరైన రోజు, 150 కిలోల సామాను రోడ్డు పక్కన దించాక గానీ స్టెప్నీ కనబడదు. జాకీ, వీల్ స్పానర్ మాత్రం ఎప్పుడూ ముందు సీటు వెనకే ఉంచండి.

కోసిన అంచులకు ప్రైమర్, ఆపైన రెండు పూతలు ఎనామెల్. నీళ్ళు తాగేది ప్లై మొహం కాదు, అంచే. కింది వైపు పాత యోగా మ్యాట్ అతికిస్తే గడగడ శబ్దం ఉండదు. టీ-నట్లను కింది నుంచి కొట్టి, పై నుంచి ఐ-బోల్టులు వాషర్లతో బిగించండి. ఐ-బోల్టులు ఫోర్జింగువే కొనండి. కడ్డీ వంచి చేసినవి ఒక్క గట్టి బ్రేకుకే నోరు తెరుస్తాయి.

పలకను బండికి పట్టి ఉంచేదేమిటి? ఫ్లోరుకు రంధ్రం కొట్టొద్దు. కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపు, సీఎన్‌జీ బండి అయితే గ్యాసు పైపు పోతుంటాయి. పైకి కనబడవు. రంధ్రం చుట్టూ తుప్పు మొదలవడం దానికి అదనం. డిక్కీలో కంపెనీ ఇచ్చిన లగేజీ కొక్కేలుంటే వాటికి, లేకపోతే సీటు కింద బాడీకి బిగించి ఉన్న ఇనుప బ్రాకెట్ చుట్టూ రాట్చెట్ బెల్టు తిప్పి పలక ఐ-బోల్టుకు లాగండి. సీటు బోల్టులు, సీటు బెల్టు బోల్టులు మాత్రం విప్పకండి. అవి లెక్క ప్రకారం ఇంత బిగింపు అని కంపెనీ బిగించినవి, చేత్తో సరిపెట్టేవి కావు.

చదరపు ట్యూబు మీటరుకు సుమారు 1.2 కిలోలు తూగుతుంది. 12 మీటర్లతో రెండంతస్తుల చట్రం వస్తుంది, బరువు 14 కిలోలు. పలకలో మిగిలిన నాలుగు టీ-నట్లకు ఎం8 బోల్టులతో దాన్ని బిగించండి. ఎత్తు వెనక సీటు వీపు దాటకూడదు. దాటితే అద్దంలో వెనక కనబడదు, ఆపైన పెట్టింది ఎగిరి తల మీదికి వస్తుంది. కింది అంతస్తులో పట్టాల మీద జరిగే డ్రాయరు కావాలంటే కిచెన్ షాపులో దొరికే టెలిస్కోపిక్ చానెల్ 20 అంగుళాలది తీసుకోండి. చానెల్ మీద 45 కిలోలని రాసి ఉంటే 30కి మించి వేయకండి. ఆ అంకె కదలని వంటింటిది, మన రోడ్ల హంపులది కాదు. డ్రాయరుకు గడియ తప్పనిసరి. లేకపోతే ఎక్కుడులో అదే తెరుచుకుని డిక్కీ తలుపును లోపలి నుంచి గుద్దుతుంది.

కట్టడం

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి దేన్నో ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు ఇరవై రెట్లతో ముందుకు తోస్తుంది. 28 కిలోల పెయింట్ బకెట్ 550 కిలోలై వెనక సీటులో కూర్చున్న కుర్రాడి వీపు మీద పడుతుంది. నైలాన్ తాడు ముడి దీన్ని ఆపదు. పైగా తాడు పది కిలోమీటర్లకే వదులవుతుంది.

లేబుల్ మీద 500 కిలోల సామర్థ్యం రాసి ఉన్న రాట్చెట్ బెల్టులు వాడండి. బరువైన వస్తువుకు రెండు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. బెల్టు అంచు పీచులు లేస్తే పారేయండి. సీటుకూ చట్రానికీ మధ్య 50 మి.మీ. గళ్ళ వెల్డ్‌మెష్ జాలీ చట్రానికే బిగించండి. ఇది ఏ క్రాష్ పరీక్షా పాసైనది కాదని గుర్తుంచుకోండి. స్క్రూ డ్రైవర్లు, డబ్బాలు, సుత్తులు ఎగరకుండా ఆపుతుంది, అంతవరకే. బరువులను ఆపేది బెల్టులే, వాటికి వీపు ఆనించేది సీటే.

పైకప్పు పక్కనున్న చేతిపిడులకు, పిల్లర్లకు ఏదీ కట్టకండి. కిటికీల మీదుగా తెరలా జారే కర్టెన్ ఎయిర్‌బ్యాగు తెరుచుకునే దారి అదే. సీఎన్‌జీ సిలిండర్ మీద, దానికి ఆనించి సామాను పెట్టకండి. మూడేళ్ళకోసారి చేయించే హైడ్రో టెస్టులో (నీటి ఒత్తిడితో సిలిండరును పరీక్షించడం) గీతలు, గుంతలు కనబడితే సిలిండరే పోతుంది.

థిన్నర్ ఐదు లీటర్ల రేకు డబ్బా ఒకటి మించి వద్దు. నిలబెట్టి, మూత బిగించి, కిటికీ కొంచెం దించి తీసుకెళ్ళండి. దాని ఆవిరి గాలికన్నా బరువు, కింద ఫ్లోరు మీదే పరుచుకుని ఉంటుంది. వాటర్‌ప్రూఫింగు మెంబ్రేన్ షీట్లను మంటతో అతికించడానికి వాడే గ్యాసు సిలిండరును మనుషులున్న కారులో తీసుకెళ్ళే ఆలోచనే మానుకోండి. ముందు సీటు కింద 2 కిలోల ఏబీసీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేలా ఉండాలి, సామాను వెనక పాతిపెట్టి కాదు.

పొడవైన సామాను

వైర్లు పోయే కండ్యూట్ గొట్టాలు, నీళ్ళ సీపీవీసీ పైపులు మూడు మీటర్లు వస్తాయి. ముందు సీటు పడుకోబెట్టి డ్యాష్‌బోర్డు దాకా తోసేవాళ్ళు గేరు లివరు, ఏసీ జాలీలు విరగ్గొట్టుకుంటారు. పైకప్పు మీద క్రాస్ బార్లు, వాటి మీద 110 మి.మీ. పీవీసీ డ్రైనేజీ పైపు మూడు మీటర్ల పైచిలుకు ముక్క, ఒకవైపు మూత అతికించి, ఇంకోవైపు మరమూత. ఇదే అన్నిటికన్నా చవకైన ఏర్పాటు. అందులో 20 మి.మీ. కండ్యూట్లు ఇరవై దాకా, 25 మి.మీ. అయితే డజను పడతాయి. పైపు, కండ్యూట్లు కలిపి పదిహేను కిలోలు దాటవు. యు-క్లాంపుల కింద పాత ట్యూబు ముక్కలు వేయండి. బిగించే ముందు డిక్కీ తలుపు పూర్తిగా ఎత్తి చూడండి, పైపు వెనక మొన తలుపుకు తగలకూడదు. మరమూత వెనక్కి ఉండాలి. ముందుకు పెడితే గాలికి ఊడుతుంది.

పైకప్పు ఎంత మోస్తుందో మాన్యువల్లోనే ఉంటుంది. చిన్న కార్లకు 50 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, అందులో క్యారియర్ బరువూ కలిసే. సిమెంటు బస్తా ఒక్కటీ పైకి ఎక్కకూడదు.

నిచ్చెన పైకి ఎక్కించకండి. టెలిస్కోపిక్ నిచ్చెన మూడు మీటర్లది మడిస్తే అడుగున చట్రం పక్కన పడుతుంది. కరెంటు పనివాళ్ళు మాత్రం అల్యూమినియం కాకుండా ఫైబర్‌దే వాడాలి. పైన ఏదైనా బిగించాక బండి ఎత్తు నేల నుంచి టేపుతో కొలిచి, ఆ అంకెను డ్యాష్‌బోర్డు మీద అతికించండి. అపార్ట్‌మెంటు బేస్‌మెంటు దగ్గర బోర్డు మీద 2.1 అని ఉంటే లోపల స్ప్రింక్లర్ పైపు అంతకన్నా కిందికి ఉండొచ్చు.

కరెంటు

సిగరెట్ సాకెట్‌లోంచి ఫోను, చిన్న లైటు, అంతే. డ్రిల్లు బ్యాటరీ చార్జర్లకు 300 వాట్ల ఇన్వర్టర్ పెడితే 12 వోల్టుల దగ్గర అది దాదాపు 30 ఆంప్స్ లాగుతుంది. సాకెట్ ఫ్యూజు సాధారణంగా 15. ఫ్యూజు పోయిందని 30ది వేస్తే ఈసారి పోయేది వైరే. ఇన్వర్టర్‌కు నేరుగా బ్యాటరీ నుంచి 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు లోపల 40 ఆంప్స్ ఫ్యూజు. ఇంజిను నడుస్తున్నప్పుడే వాడాలి. వారంటీలో ఉన్న బండి అయితే ఈ పనే వద్దు. చార్జర్ సైటుకు పట్టుకెళ్ళి అక్కడే పెట్టుకోండి. చెప్పాలంటే చాలామందికి ఇదే చాలు.

స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు

వెనక కుంగుతోందని కాయిల్ స్ప్రింగు మధ్యలో రబ్బరు బూస్టర్ పెట్టించడం బెంగళూరులో మామూలైపోయింది. అది బండిని లేపుతుంది, బండి మోసే సామర్థ్యాన్ని పెంచదు. స్ప్రింగులో రెండు చుట్లు కదలకుండా చేయడంతో మిగతా చుట్ల మీద భారం పెరిగి, అక్కడే విరుగుతుంది. కుంగడం బండి మీకు పెడుతున్న మొర. సామాను దించండి.

డ్రైవర్ తలుపు పిల్లరు మీద స్టిక్కర్లో ఖాళీకి ఒక గాలి, ఫుల్ లోడుకు ఇంకో గాలి ఉంటుంది. పనిరోజుల్లో రెండోది, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, వారానికోసారి. స్టీరింగు కింద 0 నుంచి 3 దాకా తిప్పే హెడ్‌లైట్ చక్రం ఉంటే లోడు పడినప్పుడు 2 మీద పెట్టండి. ట్రాఫిక్ నిలిచిపోయే సిల్క్ బోర్డు జంక్షన్ లాంటి చోట్ల గంటసేపు హాఫ్ క్లచ్‌లో పాకే లోడు బండికి క్లచ్ ప్లేటు తొందరగా అరుగుతుంది. బ్రేకు ప్యాడ్లు సర్వీసు సగం దూరంలోనే ఒకసారి చూపించండి.

మరి ట్రైలర్?

విదేశీ వీడియోలు చూసి ఈ ఆశ చాలామందికి పుడుతుంది. కుదురుతుందా అంటే, కాగితం మీద కుదురుతుంది. మన చట్టంలో ట్రైలర్ కూడా విడిగా రిజిస్టర్ కావలసిన వాహనమే, 61వ సెక్షన్ అదే చెబుతుంది. వెల్డింగు షాపులో రెండు స్కూటర్ చక్రాలకు చట్రం వేయించుకున్నది ఆమోదం పొందిన మోడలు కాదు, కాబట్టి దానికి నంబరు రాదు. నంబరు లేనిదాన్ని తగిలించుకుని వెళ్ళి ఎవరికైనా గుద్దితే మీ కారు ఇన్సూరెన్సు కూడా చేతులెత్తేయొచ్చు.

ఆమోదం ఉన్న ట్రైలరే దొరికిందనుకున్నా, కారు మాన్యువల్లో లాగే బరువు రాసి ఉందా చూడండి. లేకపోతే లాగకూడదనే అర్థం. బంపరు దగ్గర మర తిప్పే కొక్కెం చెడిపోయిన బండిని లాగడానికి ఇచ్చినది, ట్రైలర్‌కు కాదు. అన్నీ సరిపోతే: ట్రైలర్ మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం కారు బాల్ (ట్రైలర్ తగిలించే గుండ్రటి కొక్కెం) మీద పడేలా సామాను సర్దాలి, అంటే 400 కిలోల ట్రైలర్‌కు 28 నుంచి 40 కిలోలు. ఆ బరువు కారు వెనక కొసన పడుతుంది కాబట్టి పైన చెప్పిన తూగుడుబల్ల లెక్కలో కలపాలి. బరువు ట్రైలర్ ఇరుసుకు వెనక్కి పోతే హైవే మీద పాములా ఊగడం మొదలవుతుంది, అప్పుడు బ్రేకు తొక్కితే కారునే తిప్పేస్తుంది. గొలుసులు కొక్కెం కింద ఇంటూ ఆకారంలో, టెయిల్ లైట్లు, ఇండికేటర్లు పనిచేస్తూ ఉండాలి. ఇంత చేసినా సాయంత్రం బీటీఎం సందుల్లో దాన్ని ఎక్కడ నిలుపుతారు?

హోస్కోటె, దేవనహళ్ళి వైపు వ్యవసాయం ట్రాక్టర్ ట్రాలీని సైటు సామానుకు తిప్పడం కనిపిస్తుంది. వ్యవసాయానికని రిజిస్టరైన ట్రాలీలో కాంట్రాక్టు ఇసుక ఉండగా ప్రమాదం జరిగితే క్లెయిము గతి చెప్పనక్కర్లేదు.

బరువు సామానుకు సరైన దారి రెండే. ఒకటి, షాపువాడినే సైటుకు దింపించమనడం, లేదా ట్రిప్పుకింతని టాటా ఏస్ పిలవడం. రెండు, వారంలో మూడు నాలుగు సార్లు పిలవాల్సి వస్తుంటే సొంతంగా చిన్న గూడ్స్ బండి కొనడం. నిండు బరువు 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండికి మామూలు ఎల్ఎంవీ (కారు నడిపే తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, కొత్త బండికి రెండేళ్ళు, ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. జీఎస్‌టీ కట్టేవాళ్ళకు ఇంకో సంగతి: 13 మందికి మించని ప్రయాణికుల కారు మీద కట్టిన జీఎస్‌టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కట్టాల్సిన జీఎస్‌టీలో దాన్ని తగ్గించుకునే వీలు) రాదు, గూడ్స్ బండికి వస్తుంది. ప్యాసింజర్ వ్యాన్ కొని సీట్లు పీకి కార్గో చేద్దామనుకునేవాళ్ళు, కంపెనీ కార్గో మోడల్‌గా అమ్ముతున్నదే మొదటి రోజు కొనడం మేలు.

ఏ బండిలో వెళ్ళినా, సొంత సామాను సైటుకు తీసుకెళ్తుంటే డెలివరీ చలాను రాసుకుని ఉంచుకోండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్‌టీ పత్రం) సంగతి మీ ఆడిటరుతో ముందే తేల్చుకోండి.

శనివారం సాయంత్రం

క్రమం ఇది. డబ్బాలు దించండి. చట్రం బోల్టులు నాలుగు విప్పి, చట్రం గోడకు ఆనించండి. బెల్టులు తీసి చుట్టండి. పలకలు రెండూ బయటికి. ఇప్పుడు వాక్యూమ్‌తో ముందు సీటు పట్టాలు, తర్వాత సీటు బెల్టు బకిళ్ళ నోళ్ళు. చీపురుతో ఊడిస్తే సిమెంటు ధూళి లేచి ఏసీలోకి పోతుంది. బకిల్‌లో ఇసుక చేరితే బెల్టు పట్టినట్టే శబ్దం వచ్చి, గట్టిగా లాగితే ఊడుతుంది, కాబట్టి పిల్లలు కూర్చునే చోట రెండుసార్లు లాగి చూడండి. స్టెప్నీ గుంతలో నీళ్ళు నిలిచాయేమో చెయ్యి పెట్టి చూడండి. సిమెంటు నీళ్ళు అక్కడ చేరితే పెయింటును తినేస్తాయి. ఏసీ ఫిల్టర్ నెలకోసారి తీసి దులపండి.

ధూళి బస్తాలను మొదటి నుంచీ సిల్పాలిన్ షీటులో చుట్టి పెడితే ఈ పని సగం తగ్గుతుంది. షీటు అంచులు నాలుగు వైపులా జానెడు పైకి మడిచి క్లిప్పులు పెడితే పళ్ళెంలా తయారవుతుంది, ఒలికినదంతా అందులోనే ఉంటుంది.

విప్పిన బోల్టులు, వాషర్లు, పానా అన్నీ మూతున్న ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి గ్లవ్ బాక్సులో పెట్టండి. అదనంగా రెండు బోల్టులు, రెండు నట్లు అందులో ఉండనివ్వండి. సోమవారం ఉదయం ఆరున్నరకు ఎన్ఆర్ రోడ్డులో ఏ షాపూ తెరిచి ఉండదు.